విన్నావుగా, ఇంక తీసెయ్యి

ఆ కుటుంబంలో ఎవరి ఫోన్ మొరాయించినా స్టెల్లా కావాలి. గ్యాస్ బుక్ కాకపోయినా, పెన్షన్ మెసేజ్ రాకపోయినా, ఎవరో పంపిన శుభలేఖ తెరుచుకోకపోయినా ముందు స్టెల్లాకే ఫోన్ చేస్తారు. ఆమె బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి ఇవన్నీ తెలిసే ఉంటాయని చుట్టాల నమ్మకం. నిజానికి ఆమెకు తెలిసింది ఆఫీసు పనికి కావలసినంతే. అయినా తెలియదని ఏనాడూ అనలేదు. రేపల్లెలో ఒక పేటలో పుట్టి, మిషన్ హాస్టల్లో చదివి, ఆ పేటలో మొదటిసారి ఆఫీసు కుర్చీలో కూర్చున్న ఆడపిల్ల. తెలియదు అంటే తల్లి ఊరుకునేది కాదు.

తల్లి మంగాయమ్మ మిషన్ బడిలో టీచర్‌గా చేసింది. మంగాయమ్మ టీచరంటే రేపల్లెలో ఆ పేటంతా ఎరుగుదురు. ఆమె చేత చెవి మెలిపెట్టించుకోని మగవాడు ఆ వీధుల్లో లేడనే చెప్పాలి. రిటైరయ్యాక బడి పోయింది, ఎదురుగా కూర్చునే బడిపిల్లలూ లేకపోయారు. కూతురు బాపట్లలో, చెల్లెలు మాణిక్యాంబ తెనాలిలో, కొడుకు సన్నీ నిజాంపట్నం రేవులో. మిగిలింది భర్త తోమాసు ఒక్కడే. ఆయన ఒక్కడి మీద ఎంతసేపని కేకలేస్తుంది? సరిగ్గా అలాంటప్పుడు స్టెల్లా ఆమెకు ఒక ఫోన్ కొనిచ్చి, మైకు గుర్తు మీద వేలు నొక్కిపట్టి మాట్లాడితే ఆ మాట అవతలివాళ్ళకు వెళ్ళిపోతుందని నేర్పింది. ఇక చూడండి.

పొద్దున్నే కుటుంబ ప్రార్థన ఆ ఇంటి ఆచారం. ఒకప్పుడు చాప మీద అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థించేది మంగాయమ్మ. చాప మీద మనుషులు లేకుండా పోయాక అదే పని ఫోన్లో మొదలుపెట్టింది. ఎవరి ప్రార్థన వాళ్ళకు విడివిడిగా వచ్చేది. "ప్రభువా, నా బిడ్డ స్టెల్లాని, దాని ఆఫీసుని, ఆ ఎండలో అది నడిచే దారిని నీ చేతుల్లో పెడతన్నాను" అని మొదలయ్యేది. మధ్యలో కుక్కర్ కూసేది. "ఏవండీ, పాలు పొంగుతున్నాయి, పొయ్యి దగ్గరే ఉన్నారుగా, చూడొద్దూ!" అని ఒక కేక వినిపించేది. ఆ వెంటనే, గొంతు ఏమాత్రం మారకుండా, "ప్రభువా, నా భర్తకు ఓపిక దయచెయ్యి" అనేది. అక్కడ ఓపిక కావలసింది ఎవరికో ఆ ప్రభువుకే తెలియాలి. ఆమెన్ అయ్యాక కూడా వదిలేది కాదు. టిఫిన్ తిన్నావా, అల్లుడి జలుబు తగ్గిందా, ఆదివారం గుడికి వెళ్ళారా అని ఆరా తీసి, ఆఖర్న ఎప్పుడూ ఒక్కటే మాట చెప్పి ముగించేది.

"విన్నావుగా, ఇంక తీసెయ్యి. ఫోన్ నిండిపోద్ది."

ఈ మాట ఆమెకు నేర్పింది కూడా స్టెల్లాయే. ఒకసారి మంగాయమ్మ ఫోన్ బిగుసుకుపోతే, నిండిపోయిందమ్మా, అక్కర్లేనివి తీసేస్తుండు అని చెప్పింది. టీచర్‌కు పాఠం ఒక్కసారి చెబితే చాలు కదా. ఆ రోజు నుంచి తను పంపిన ప్రతి ప్రార్థననూ తన ఫోన్లోంచి వెంటనే తీసేసేది, పీరియడ్ అవ్వగానే నల్లబల్ల తుడిచినట్టు. అందరినీ అలాగే చెయ్యమనేది. ఆమె బతికుండగా ఆ మాట విని పాటించినవాళ్ళు లేరు. స్టెల్లా అయితే ఆఫీసుకు వెళ్ళే హడావుడిలో చాలా రోజులు ఆమెన్ దాకా విని ఆపేసేది. తీసే తీరికా ఉండేది కాదు. ఆ నిర్లక్ష్యం పుణ్యమా అని అవన్నీ ఫోన్లలో అలాగే పడి ఉన్నాయి.

పోయిన ఏడాది నాట్ల రోజుల్లో ఒక పొద్దున మంగాయమ్మ ప్రార్థనలన్నీ పంపి, పాలు దించి, కుర్చీలో కూర్చుని, అందులోనే ప్రభువునందు నిద్రించింది. మంచాన పడలేదు, ఒకరి చేత చేయించుకోలేదు. సమాధి కార్యక్రమం అయ్యాక స్టెల్లా, మాణిక్యాంబ ఫోన్లు చెవి దగ్గర పెట్టుకుని ఆమె గొంతు వింటూ ఏడ్చారు. ఫోన్లు నీళ్ళలో పడతాయి, దొంగలెత్తుకుపోతారు, ఉన్నట్టుండి చచ్చిపోతాయి. అమ్మ గొంతు అలా పోకూడదని స్టెల్లా నిశ్చయించుకుంది.

క్లౌడ్‌లో 'అమ్మ ప్రార్థనలు' అని ఒక ఫోల్డర్ తెరిచి తన దగ్గరున్నవన్నీ అందులోకి ఎక్కించింది. దాని లింకు కుటుంబం గ్రూపులో పెట్టబోతే ఫోన్ ఒక ప్రశ్న అడిగింది. ఈ లింకు ఉన్నవాళ్ళు చూడటం వరకేనా, మార్పులు కూడా చేయొచ్చా? చూడటం వరకే అంటే పిన్ని తన దగ్గరున్నవి ఎలా కలుపుతుంది? మార్పులు చేయొచ్చు అన్న దాని మీద నొక్కింది. తెనాలి వెళ్ళి పిన్ని పక్కన కూర్చుని, ఆమె ఫోన్లోవి కూడా కలిపించింది. రేపల్లె వెళ్ళి తండ్రికి లింకు ఎలా నొక్కాలో, గొంతు ఎలా పెంచాలో ఓపిగ్గా నేర్పింది. అంతా అయ్యాక గ్రూపులో రాసింది. అమ్మవి అన్నీ భద్రంగా ఉన్నాయి, ఎప్పుడు వినాలనిపిస్తే అప్పుడు లింకు నొక్కండి, ఇక మీ ఫోన్లలో ఉంచుకోనక్కర్లేదు అని. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. ఆ తర్వాత తనూ పాత ఫోన్ ఇచ్చేసి కొత్తది తీసుకుంది.

ఒకసారి మాత్రం ఫోల్డర్ తెరిచింది. మొదటి "ప్రభువా" దగ్గరే వినలేక మూసేసింది. ఉన్నాయిలే, ఎక్కడికి పోతాయి అనుకుంది. ఆ ధీమాతోనే ఏడాది గడిపేసింది.

ఏడాది తిరిగి రాగానే రేపల్లెలో ఇంటి ముందు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. అమ్మగారి ప్రార్థన ఒకటి మైకులో వినిపిద్దామని గుడి పాస్టరు అయ్యగారే అన్నారు. కూడిక ఆదివారం సాయంత్రం. శనివారం పొద్దున బాపట్లలో స్టెల్లా టీ పెట్టుకుని, గుండె రాయి చేసుకుని, లింకు నొక్కింది.

ఈ ఫోల్డర్‌లో ఏమీ లేదు అని వచ్చింది.

నెట్ సరిగ్గా లేదేమో అనుకుంది. మూసి మళ్ళీ తెరిచింది. ఫోన్ ఆపి మళ్ళీ పెట్టింది. భర్త మధుబాబు వచ్చి చూసి, "తీసేసినవి బిన్‌లో ఉంటాయి కదా, అందులో చూడు" అన్నాడు. చూసింది. తీసేసినవి నెల దాటితే వాటంతట అవే పూర్తిగా పోతాయని అక్కడ రాసి ఉంది. అదీ ఖాళీయే. సహాయం అని ఉన్నచోట తన గోడంతా రాస్తే, మీ ప్రశ్నకు ఈ సమాధానాలు ఉపయోగపడతాయేమో చూడండి అంటూ మళ్ళీ అదే బిన్ గురించి చెప్పింది ఆ యంత్రం. మనిషెవరైనా ఉంటే కాళ్ళన్నా పట్టుకునేది. పొయ్యి మీద టీ మరిగి మరిగి మాడింది. ఆ వాసనకు స్టెల్లాకు పాలు గుర్తొచ్చాయి, పాలతో పాటు ఆ కేక గుర్తొచ్చింది, అప్పుడు భోరున ఏడ్చింది.

పిన్ని ఫోన్లో ఒక్కటైనా మిగిలి ఉంటుందన్న ఆశతో పది గంటలకు తెనాలి రైలెక్కింది. మధుబాబు మర్నాడు వస్తానన్నాడు.

మాణిక్యాంబ ఇల్లు గుడి వెనక సందులో. అక్కకు సరిగ్గా వ్యతిరేకం ఈమె. కేకలెరగదు, ఎవరేం చెప్పినా తలూపుతుంది. స్టెల్లా గడపలో ఉండగానే కంచం పెట్టబోయింది.

"అన్నం తర్వాత పిన్నీ. అమ్మవి నీ ఫోన్లో ఏవన్నా ఉన్నాయా?"

"నా ఫోన్లో ఎందుకుంటాయే? తీసేసుకోమని నువ్వేగా చెప్పావు. చూడు, ఎంత ఖాళీగా ఉందో" అని గర్వంగా ఫోన్ చూపించింది మాణిక్యాంబ.

"మరి ఆ లింకులోవి?"

"రోజూ వంట చేసుకుంటా ఒకటి వినేదాన్ని. మా అక్క పీట మీద కూర్చుని మాట్టాడతన్నట్టే ఉండేది. ఆఖర్న తీసెయ్యమనేదిగా. తీసేసేదాన్ని."

స్టెల్లా గోడకు ఆనుకుంది. "అందులో తీస్తే అందరికీ పోతాయి పిన్నీ."

"అదెట్టా పోతాయి? గ్రూపులో పొద్దున్నే గులాబీ పూల బొమ్మలు వస్తాయి, నేను తీసేస్తాను. నీకు పోతన్నాయా? నా ఫోన్లోది నేను తీసుకుంటే నీ ఫోన్లోది ఎట్టా పోద్దే? నేనేమన్నా బాపట్ల వచ్చి తీశానా?"

ఫోల్డర్ ఒక్కటే, అందరి ఫోన్లలో కనబడేది ఆ ఒక్కటే అని తను ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తనకు తట్టనే లేదు. పిన్నికి మెల్లగా విషయం అర్థమయింది. చేతిలో కంచం కింద పెట్టేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనెందుకు పోగొడతానే మా అక్క గొంతు? తోడబుట్టినదాన్నే! అది తీసెయ్యమంటే తీశాను..." కాసేపు వెక్కి వెక్కి ఏడ్చి, ఉన్నట్టుండి తలెత్తింది. "అయినా నేను అన్నీ వినలేదు స్టెల్లా. నీకు పంపినవి సగం కూడా వినలేదు. ఎప్పుడు తెరిచినా ముందుకన్నా తక్కువ కనపడేయి. వినేసి మర్చిపోయానేమోలే అనుకునేదాన్ని."

ఇక మిగిలింది ఒక్క మనిషే. ఆ మనిషి ఎవరో ఇద్దరికీ తెలుసు.

రేపల్లె పాసింజర్‌లో కిటికీ పక్కన సీటు దొరికింది. జంపని దాటింది, వేమూరు దాటింది. పొలాల్లో నాట్లు పడుతున్నాయి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో స్టెల్లాకు పాలుపోలేదు. పిన్ని మీద రాదు. తన మీద తెచ్చుకుంటే తట్టుకోలేదు. పోనీ అమ్మ మాటలు గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంది. ఇన్ని వందల పొద్దులు విన్న ప్రార్థనల్లో ఒక్కటైనా మొదటినుంచి చివరిదాకా రాలేదు. ఎండలో నడిచే దారి గురించి ఏదో అనేది. ఆ తర్వాత? కుక్కర్ కూత వస్తోంది, పాలు వస్తున్నాయి, తీసెయ్యి అన్న మాట వస్తోంది. మధ్యలో ఉన్నదంతా ఏమైపోయిందో! వింటున్నప్పుడు చెవి మాత్రమే పెట్టి మనసు ఆఫీసులో పెడితే ఇంతకంటే ఏం గుర్తుంటుంది? భట్టిప్రోలులో ఎవరో ఆమె ఏడవడం చూసి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని నీళ్ళ సీసా ఇచ్చారు.

తోమాసు వరండాలో కుర్చీ వేసుకుని కూతురి కోసం కనిపెట్టుకుని ఉన్నాడు. రైసుమిల్లులో పనిచేసి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. చొక్కా జేబులో మంగాయమ్మ ఫోన్ ఉంది. భార్య పోయాకే ఆయన దాన్ని ముట్టుకున్నాడు. ఎవరికైనా ఫోన్ చెయ్యడం, ఆ లింకు తెరిచి అందులోవి చూసుకోవడం తప్ప మరేదీ ఆయనకు రాదు.

స్టెల్లా కాళ్ళు కడుక్కుని వచ్చి ఆయన దగ్గర కూర్చుంది. "నాన్నా, అమ్మ ప్రార్థనలు విన్నావా?"

తోమాసు మొహం వెలిగింది. "అన్నీ విన్నానమ్మా. నాకు ఎప్పుడూ పంపలేదుగా మీ అమ్మ, ఇంట్లో ఉన్నోడికి ఫోనెందుకనేది. మీకు పంపినవాటిల్లో నా గురించి ఏం చెప్పుకుందో నాకప్పుడే తెలిసింది."

"ఏం చెప్పుకుంది?"

"నా మోకాళ్ళ గురించి చెప్పుకుంది. నాకంటే ముందు తను పోతే నేనేమైపోతానో అని చెప్పుకుంది. పాలు పొంగినప్పుడల్లా నన్ను కేకలేసి, కేకలేసినందుకు మళ్ళీ దేవుడి దగ్గర క్షమాపణ అడిగిందమ్మా. నాకు ఒక్కసారన్నా చెప్పలా. ఆయనకు చెప్పింది." తోమాసు కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

స్టెల్లాకు ఆ క్షమాపణ గుర్తులేదు. బహుశా అది ఆమెన్ తర్వాత వచ్చేదేమో. అడగకూడదనుకుంటూనే అడిగింది. "విన్నాక తీసేశావా నాన్నా?"

"చెప్పిందిగా మరి! బతికున్నన్నాళ్ళూ మీ అమ్మ మాట ఒక్కటి విన్న పాపాన పోలేదు నేను. పాలు చూడమంటే చూడలా, చుట్ట మానమంటే మానలా. ఇదన్నా విందామని, ఒక్కోటి శ్రద్ధగా విని, చెప్పినట్టే తీసేశా. తీసినప్పుడల్లా మీ అమ్మకు ఏదో చేసిపెట్టినట్టే ఉండేది." అంతలో కూతురి మొహం చూసి అనుమానంగా అడిగాడు. "ఏమ్మా? తప్పు చేశానా?"

"లేదు నాన్నా" అంది స్టెల్లా. "మంచి పని చేశావు."

ఇంకేం చెబుతుంది? నిజం చెబితే ప్రార్థనలు తిరిగి వస్తాయా?

"రేపు మైకులో పెడతావంటగా, అయ్యగారు చెప్పారు. వీధంతా వినాలి మంగాయమ్మ గొంతు. నేను ముందు వరసలో కూర్చుంటా" అన్నాడు తోమాసు.

ఎండ తగ్గుతుండగా సన్నీ ట్రాలీ ఆటోలో కుర్చీలు వేసుకొచ్చాడు. టీచర్ ట్రైనింగ్ మధ్యలో మానేసి రేవులో ఐసు బండి తోలుతున్నాడని, గుడి బయట నలుగురి ముందూ మంగాయమ్మ అతన్ని కడిగేసింది. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడలేదు, కుటుంబం గ్రూపులోంచి కూడా బయటికి పోయాడు. ఆమె మాత్రం అతని ప్రార్థన అతనికి పంపడం మానలేదు. సన్నీ వాటిని వినకుండానే తీసేసేవాడు. ఆమె బతికుండగా ఆ తీసెయ్యమన్న మాట నిలబెట్టింది, తెలియకుండానే, అతనొక్కడే.

స్టెల్లా తమ్ముణ్ణి మెట్ల దగ్గరకు తీసుకెళ్ళి, లోపల తండ్రికి వినబడకుండా జరిగిందంతా చెప్పింది. రేపు మైకులో పెట్టడానికి ఏమీ లేదురా అంది.

"నా దగ్గర ఒకటుందక్కా."

స్టెల్లా అతని చెయ్యి పట్టుకుంది. "ఏదిరా?"

"ఆ రోజు పొద్దున పంపింది. నేను రేవులో లోడు ఎక్కిస్తన్నా. తర్వాత చూద్దాంలే అనుకున్నా. ఆ తర్వాత నాన్న ఫోన్ చేశాడు."

"ఇన్నాళ్ళూ వినలేదా?"

"ఇది వినేస్తే ఇంకేం ఉండదుగా" అన్నాడు సన్నీ, ఫోన్ తీస్తూ.

అమ్మ పేరు, ఆమె ఫొటో, దాని కింద ఆ ఒక్క మెసేజ్. రెండు నిమిషాల పైచిలుకు అని పక్కనే కనిపిస్తోంది. ఆ రెండు నిమిషాల్లో కొడుకుతో ఆమె ఏం చెప్పుకుందో, తిట్టిందో, బతిమాలిందో! చాలు, ఇదొక్కటి చాలు అనుకుంది స్టెల్లా. అంతలో మెసేజ్ ముందున్న చిన్న బాణం గుర్తు కంటపడింది. నెట్ ఖర్చవుతుందని, నొక్కితే తప్ప ఏదీ ఫోన్లోకి దిగకుండా పెట్టుకున్నాడు సన్నీ. ఆమె మాట అతని ఫోన్ దాకా వచ్చింది గానీ లోపలికి రాలేదు. అలా దింపుకోని మాట కొన్నాళ్ళకు అవతలే చెరిగిపోతుందని సన్నీకి తెలియదు, స్టెల్లాకు తెలుసు. ఆగరా అందామని నోరు తెరిచేలోపే అతను నొక్కేశాడు.

సున్నా ఒకటి గిర్రున తిరిగింది. ఆగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. సన్నీ వాటిని కూడబలుక్కున్నట్టు పైకి చదివాడు.

"ఈ ఆడియో ఇప్పుడు అందుబాటులో లేదు. మళ్ళీ పంపమని... పంపినవారిని అడగండి."

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే వచ్చింది.

"నువ్వు చూడక్కా. నీకు తెలుసుగా ఇవన్నీ" అని ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. చిన్నప్పుడు విరిగిన బొమ్మ తెచ్చి ఇచ్చినప్పుడు ఉన్న మొహమే ఇప్పుడూ ఉంది.

స్టెల్లా కూడా ఒకసారి నొక్కి చూసింది. జీవితంలో మొదటిసారి ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చింది. "నాకు తెలీదురా."

లోపల్నుంచి తోమాసు కేకేశాడు. "ఏంట్రా, దొరికిందా రేపటికి?"

స్టెల్లా కళ్ళు తుడుచుకుని ఫోన్ తిరిగి ఇచ్చింది. "దీన్ని తీసెయ్యరా. ఇది ఎప్పటికీ తెరుచుకోదు. ఉంటే చూసినప్పుడల్లా బాధ."

సన్నీ తల అడ్డంగా ఊపాడు. ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని, పైన అరచెయ్యి అలాగే ఉంచాడు.

"విన్నాక తీసెయ్యమంది అమ్మ. నేను వినలేదుగా అక్కా."

అని, కుర్చీలు దించడానికి ఆటో దగ్గరకు వెళ్ళాడు.